చెవులోడు రాని గుమ్మం

చచ్చిపోయిన రచయిత్రి మీద నాటకం వేసుకుంటే ఏ గొడవా ఉండదు. ఆవిడ వచ్చి ముందు వరసలో కూర్చోదు. "నేను అలా తుమ్మను అమ్మాయ్" అనదు. ఈ సంగతి నటికి రిహార్సల్స్ మొదలైన మొదటి పూటే బోధపడింది గానీ, అప్పటికే పోస్టర్లు గోడలకెక్కేశాయి.

పోస్టర్ మీద కళ్ళజోడు, శాలువా, చేతిలో పుస్తకంతో ఒక ఆడమనిషి. పైన 'కథలమ్మమ్మ' అని పెద్ద అక్షరాలు, కింద 'ఒక్కరే నటించే నాటకం' అని చిన్న అక్షరాలు. ఒక్కరేనట! ఆ ఒక్కదాని నెత్తిన ఎంతమంది ఎక్కి కూర్చున్నారో ఆ అక్షరాలు రాసినవాడికేం తెలుసు?

రాసినవాడు ఆమె సొంత తమ్ముడే లెండి. నాటకానికి దర్శకుడు వాడే, లైట్లు వాడే, చెక్కలకి మేకులు కొట్టేదీ వాడే. ఏదన్నా తప్పు జరిగితే మాత్రం "నువ్వు చెప్పినట్టే చేశానక్కా" అనేదీ వాడే.

నటికి యాభై దాటి చాలాకాలమైంది. ఇన్నేళ్ళూ టీవీ సీరియళ్ళలో పక్కింటి పిన్ని, ఆస్పత్రి ఆయా, తలుపు తీసి "ఎవరు కావాలండీ?" అనే మనిషి. ఒక సీరియల్లో అయితే ఆమె వీపు మాత్రమే కనిపించింది. అలాంటిది, చివరికి ఒక హాలు, ఒక వేదిక, మొదట్నుంచి చివరిదాకా తనే మాట్లాడే నాటకం దొరికింది. ఇది పోతే ఇంకోటి రాదని ఆమెకి తెలుసు. తమ్ముడికీ తెలుసు. అందుకే ఇద్దరూ కథలమ్మమ్మ ఏమన్నా పళ్ళు బిగబట్టుకుని ఊరుకునేవాళ్ళు.

కథలమ్మమ్మ అంటే ఆ పిల్లల పుస్తకాల రచయిత్రే. ఊళ్ళో పిల్లలు, ఆ పిల్లల అమ్మానాన్నలు, అందరూ ఆవిడ కథలు విని పెరిగినవాళ్ళే కాబట్టి అందరికీ ఆ పేరే అలవాటు. ఎనభై దగ్గరపడ్డాయి. చేతికర్ర ఉంది, చెవులు పాము చెవుల్లా పనిచేస్తాయి, నోరు అంతకంటే బాగా పనిచేస్తుంది. "నా జీవితం మీద నాటకమా? వేసుకోండి, నాకేం!" అని నవ్వుతూ ఒప్పుకుంది. ఏ ముహూర్తాన ఒప్పుకుందో గానీ, మర్నాటినుంచి రిహార్సల్‌కి అందరికంటే ముందు వచ్చి కూర్చునేది ఆవిడే.

"శాలువా కుడి భుజం మీద కాదు, ఎడమ భుజం మీద."

"సరేనండీ అమ్మగారూ."

"పెన్ను అలా పట్టుకుంటే అక్షరం పడుతుందా? చీపురు పట్టుకున్నట్టు పట్టుకున్నావ్."

"మార్చుకుంటానండీ."

"నలభై ఏళ్ళప్పుడు నేను ఇంత లావు లేను బాబూ," అని ఈసారి తమ్ముడితో. తమ్ముడు అక్క మొహం వైపు చూసే ధైర్యం లేక లైటు సరిచేస్తున్నట్టు నిచ్చెనెక్కాడు.

ఒక వాక్యం చెప్తే రెండు దిద్దుబాట్లు. అడుగు వేస్తే "అటు కాదు" అంటుంది. దగ్గితే "నాది పొడి దగ్గు" అంటుంది. ఇంటికి వెళ్ళాక అద్దంలో చూసుకుంటే నటికి తన మొహం కూడా తప్పుగానే కనిపించడం మొదలైంది. ఇంత బుర్ర తినడం ఆమె ఏ సీరియల్ డైరెక్టర్ దగ్గరా చూడలేదు.

అసలు తంటా కుర్చీ దగ్గరొచ్చింది.

ఒక్కరే నటించే నాటకంలో మిగతా మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారు? వస్తువులై వస్తారు. తమ్ముడు అలా ఏర్పాటు చేశాడు. కొక్కేనికి వేలాడే టోపీ పుస్తకాలు అచ్చువేసే ఆయన. మూలన ఆనించిన గొడుగు కథలమ్మమ్మ కాలంచేసిన భర్త. నటి వాటి వైపు తిరిగి మాట్లాడితే వాళ్ళతో మాట్లాడినట్టు. గొడుగుని చూసి ఆవిడ ఏమంటుందో అని ఇద్దరికీ గుండెల్లో రాయి పడింది గానీ, ఆవిడ పకపకా నవ్వింది.

"సరిగ్గా కుదిరింది! వాన పడిన రోజే ఇంట్లో ఉండిపోయేవాడు మహానుభావుడు. మరి ఆ కుర్చీ ఎవరు?"

"మీ అక్కగారండీ," అన్నాడు తమ్ముడు.

నవ్వు టక్కున ఆగిపోయింది. "ఆవిడెందుకు ఇందులో?"

"మీ మొదటి పుస్తకాలకి బొమ్మలన్నీ ఆవిడే వేశారు కదండీ..."

"వేసింది. అంతే. తీసెయ్యండి కుర్చీని."

అక్క అన్న మాట ఆవిడ నోటివెంట రాలేదు. ఆవిడ, ఆవిడ అనే అంది. తమ్ముడు బతిమాలాడు, నటి బతిమాలింది. అక్కని తీసేస్తే 'చెవులోడు' పుస్తకం ఎలా చూపిస్తాం? ఆ పుస్తకం లేకపోతే ఈ నాటకం చూడ్డానికి ఎవరొస్తారు?

చెవులోడు ఒక గాడిదపిల్ల. చెవులు మరీ పొడుగని మంద నవ్వితే అలిగి వెళ్ళిపోయి, ఊరంతా తిరిగి తిరిగి ఇల్లు వెతుక్కుంటుంది. ఆఖరి పేజీలో "అప్పుడు చెవులోడు ఇంటికొచ్చాడు, వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు" అని ఉంటుంది. ఎదురుగా ఉన్న బొమ్మలో మాత్రం చెవులోడు ఉండడు. తెరిచిన తలుపు, ఖాళీ గుమ్మం, పక్కన గడ్డి గంప, అంతే. ఆ ఖాళీ గుమ్మమే ఆవిణ్ణి కథలమ్మమ్మని చేసింది. సన్మానం చేసినవాళ్ళంతా దాని గురించే మాట్లాడారు. ఆవిడ కూడా ప్రతి సభలోనూ ఒకటే చెప్పేది: ఆ గుమ్మాన్ని నేనే ఖాళీగా వదలమన్నాను, చూసే పిల్లలే వాణ్ణి ఇంట్లోకి తెచ్చుకుంటారని.

చివరికి రాజీ కుదిరింది. కుర్చీ ఒకే ఒక్క రంగంలో ఉంటుంది. అది నోరెత్తకూడదు. దానితో నటి ఏం అనాలో ఆవిడే దగ్గరుండి చెప్పింది: "అక్కా, చివరి బొమ్మలో చెవులోణ్ణి వెయ్యకు. గుమ్మం ఖాళీగా వదిలెయ్." ఈ మాటతో మొదటి సగం ముగుస్తుంది, హాలు చప్పట్లతో దద్దరిల్లుతుంది అని తమ్ముడు చేతులు నులుముకున్నాడు.

ఆ మరుసటి రోజు నటి కూరగాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది.

"నువ్వేనా నన్ను కుర్చీని చేసింది?"

గొంతు అచ్చం కథలమ్మమ్మదే, కాస్త బొంగురు. నటి చేతిలో కత్తి కింద పెట్టేసింది. ఇలాంటి కబుర్లకి కాళ్ళుంటాయి కాబోలు, ఎవరో మోసేశారు.

"పెద్దమ్మగారూ, అది అవమానం కాదండీ, నాటకంలో అదొక పద్ధతి..."

"పద్ధతి సంగతి తర్వాత. చేతులున్న కుర్చీయా, లేనిదా?"

నటి గుర్తు తెచ్చుకుంది. "లేనిదండీ."

"బొమ్మలేసేదాన్ని చేతుల్లేని కుర్చీని చేస్తారుటే! బుద్ధుందా మీకు?"

ఆపైన ఆవిడ ఆగలేదు. చెల్లెలి శాలువా ఎడమ భుజం మీద వేస్తున్నారట, అది శుద్ధ తప్పట. చిన్నప్పుడు గోడ మీంచి పడి దానికి ఎడమ భుజం నొప్పి, ఆ వైపు ఏదీ వేసుకోదట. నటికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకావిడ ఎడమ అంటుంది, ఒకావిడ కుడి అంటుంది, ఉన్నది ఒక్క శాలువా. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని చావొచ్చుగా! మధ్యలో నేనేమన్నా వీళ్ళ పోస్టాఫీసునా?

"మీరే ఒకసారి ఎలా ఉండాలో చెప్పండి, వస్తాను," అంది, ఫోన్ పెట్టేస్తే చాలని.

వెళ్ళింది. ఆవిడది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో పెద్ద బల్ల, కిటికీ నుంచి గోడ దాకా బట్టలారేసుకునే దండెం, దానికి క్లిప్పులతో తగిలించిన బొమ్మలు. ఇంకా వేస్తూనే ఉంది, ఇరుగుపొరుగు పిల్లలకి. నటి వాటి కింద నడుస్తూ ఒక్కొక్కటీ చూసింది. చెరువు ఉంది, బాతు లేదు. చూరు ఉంది, పిల్లి లేదు. పొలం గట్టు ఉంది, దాని మీద ఎవరూ లేరు.

"ఇవన్నీ ఖాళీగా ఉన్నాయేంటండీ?"

"ఖాళీగా లేవు, అవ్వలేదు. ముందు చోటు వెయ్యాలి. అది బాగా ఆరాలి. అప్పుడు జంతువు వస్తుంది. తడి మీద వేస్తే కాళ్ళు పాకిపోతాయి. చిన్నప్పట్నుంచీ నాకదే అలవాటు, జంతువు ఎప్పుడూ ఆఖరే."

నటి దండెం కింద అలాగే నిలబడిపోయింది. జంతువు ఎప్పుడూ ఆఖరే. ఆమె వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూసింది.

"చెవులోడి గుమ్మం కూడా..."

"గోధుమరంగు అయిపోయింది," అంది పెద్దావిడ. "వీధి చివర కొట్టుకి వెళ్ళాను. వచ్చేసరికి దండెం మీద పేజీ లేదు. అచ్చుకి ఇచ్చే టైమైపోతోందని మా చెల్లెలు తన దగ్గర తాళంచెవి ఉంది కదాని లోపలికొచ్చి అన్నిటితోపాటు దాన్నీ లాక్కుపోయింది. చూసుకోనన్నా లేదు. నేను గోధుమరంగు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను."

"మరి మీరు అడగలేదా?"

"ఏం అడగను? 'అయ్యో అక్కా, తొందర్లో పట్టుకుపోయానే' అని ఒక్క ముక్క అంటే నవ్వేసి ఊరుకునేదాన్ని. అది వస్తుందనే చూశాను. ఈలోగా సన్మానం పెట్టారు. నన్నూ పిలిచారు. వెనక వరసలో కూర్చున్నాను. మైకు పట్టుకుని చెప్పింది, మా అక్కకి నేనే చెప్పాను ఖాళీగా వదలమని. పక్కనావిడ నా చెయ్యి పట్టుకుని, మీ చెల్లెలి ఆలోచన ఎంత బాగుందండీ అంది. లేచొచ్చేశాను. ముప్పై ఏళ్ళు దాటింది."

నటి ఓదార్చడానికి చెయ్యి చాపబోయింది గానీ ఆవిడకి అలాంటివి పడవు.

"నువ్వు ఆ మాట చెప్పుకో. నీ పొట్ట మీద కొట్టను. కాకపోతే నేనూ వస్తాను చూడ్డానికి. ఈసారి ముందు వరసలోనే కూర్చుంటాను," అంది పెద్దావిడ, బ్రష్షు కడుక్కుంటూ.

పోనీ వద్దని తిట్టినా బాగుండేది! చెప్పుకో, నేను కూర్చుని వింటాను అంటే ఎలా చెప్పడం? ఇంటికొచ్చే దారంతా నటి తనలో తనే గొణుక్కుంటూ నడిచింది. ఎవరి మాట ఎవరు కాజేస్తే, చెప్పాల్సింది నా నోరా? ఇన్నేళ్ళకి నాకంటూ ఒక వేదిక దొరికితే, దాని మీద నిలబడి ఒక ముసలామె కళ్ళలోకి చూస్తూ ఆవిడ మీద అబద్ధం ఆడాలా?

మర్నాడు రిహార్సల్లో ఆమె ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది.

"అమ్మగారూ, ఈ మాట మార్చుకుందామండీ."

కథలమ్మమ్మ కర్ర నేలకి ఆనించింది. "ఎవరు చెప్పారు మార్చమని? ఆవిడ దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళాను. దండెం చూశాను."

ఆవిడ మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. మళ్ళీ గట్టిపడింది. "నా జీవితం మీద నాటకమా, ఆవిడ దండెం మీదా? ముప్పై ఏళ్ళుగా పిల్లలకి చెప్తున్న మాట అది. స్కూలు పుస్తకాల్లో వేశారు. ఇప్పుడు మారిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మరి ఆవిడ మొహం?"

"అమ్మాయ్! ఆ మాట ఉంటే నాటకం ఉంటుంది. లేదా, నేను ఒప్పుకోలేదని నలుగురిలో చెప్పేస్తాను. మీ ఇష్టం."

కర్ర టకటకలాడిస్తూ వెళ్ళిపోయింది. శాలువా సంగతి చెప్పడం మాత్రం మర్చిపోలేదు. తలుపు దగ్గర ఆగి "ఎడమ!" అని అరిచి మరీ వెళ్ళింది.

"ఒక్క వాక్యమేగా అక్కా. చెప్పేసి పడెయ్," అన్నాడు తమ్ముడు.

"నువ్వు చెప్పరా! నువ్వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడి చెప్పు!"

"నాది లైటు కదే..."

"నీ లైటు మండిపోను! చిన్నప్పుడు నా సైకిల్ విరగ్గొట్టి గోడకి ఆనించి పోయావు. అమ్మ నన్ను తిట్టింది. ఇప్పటికీ ఒప్పుకోలేదు నువ్వు."

"ఆ సైకిల్ ఊసు ఇప్పుడెందుకే!"

"ఒప్పుకుంటావా లేదా?"

తమ్ముడు నిచ్చెనెక్కేశాడు. నటి ఒళ్ళు మండి కుర్చీని ఒక్క తన్ను తన్నింది. వెంటనే వంగి దాన్ని లేవనెత్తి తుడిచింది. ఆ సాయంత్రం ఇంట్లోంచి చేతులున్న కుర్చీ మోసుకొచ్చి ఆ చోట పెట్టింది. ఆమెకి చేతనైంది అదొక్కటే. అంతకంటే ఎక్కువ చేస్తే నాటకం పోతుంది.

శనివారం మధ్యాహ్నం మొదటి ప్రదర్శన. హాలు పిల్లలతో కిక్కిరిసిపోయింది. సీట్లలో సగం మంది, సీట్ల మీద నిలబడి సగం మంది. ముందు వరసలో ఈ చివర కథలమ్మమ్మ, ఆ చివర ఆవిడ అక్క. మధ్యలో వరస నిండా పిల్లలు. ఇద్దరూ మెడ తిప్పితే ఒకరికొకరు కనపడతారేమో అన్నట్టు వేదికనే గుచ్చి గుచ్చి చూస్తున్నారు. పక్కనుంచి తొంగిచూసిన నటి గబుక్కున వెనక్కి తప్పుకుంది.

శాలువా ఏ భుజం మీద వేసుకోవాలో తేలక మెడకి చుట్టేసుకుని వేదికెక్కింది.

ఎక్కాక బాగానే సాగింది. టోపీతో దెబ్బలాడితే పిల్లలు నవ్వారు. గొడుగుతో సరసమాడితే పెద్దవాళ్ళు నవ్వారు. ముందు వరసలో ఈ చివర నుంచి "ఎడమ" అని, ఆ చివర నుంచి "కుడి" అని సణుగుళ్ళు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె చెవిన పెట్టలేదు. అప్పుడు తమ్ముడు వెనక తెర దించాడు. గుడ్డ మీద పెద్దగా వేసిన ఆఖరి పేజీ. తెరిచిన తలుపు, గడ్డి గంప, ఖాళీ గుమ్మం.

నటి కుర్చీ వైపు తిరిగింది. "అక్కా," అంది.

అంతే. తర్వాతి మాట రాలేదు. మర్చిపోయి కాదు. కుర్చీకి అవతల, ముందు వరసలో, వెలుతురు అంచున పెద్దావిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ వేళ్ళకి ఇంకా రంగు అంటుకుని ఉంది.

"చెవులోడేడీ?" అని ఎవరో చిన్నపిల్ల అరిచింది. ఇంకోడు అందుకున్నాడు. క్షణంలో హాలంతా ఒకటే గోల: చెవులోడేడీ, చెవులోడేడీ!

కథలమ్మమ్మ కర్రతో నేల మీద చిన్నగా కొట్టింది. చెప్పు, అని.

నటికి విసుగొచ్చింది. అలాంటిలాంటి విసుగు కాదు. ఎడమ, కుడి, పొడి దగ్గు, చీపురు, కుర్చీ, దండెం, అన్నీ కలిసి ఒక్కసారి నెత్తికెక్కాయి. ఇన్నాళ్ళూ నేను ఏ చిన్న తప్పు చేసినా ఊరుకోలేదే ఈవిడ! పెన్ను పట్టుకోవడం తప్పైతే లేచి అరిచిందే! ఇంతకంటే పెద్ద తప్పు చేసి చూపిస్తే?

ఆలోచించుకునే వ్యవధి లేదు. వెళ్ళి ఆ కుర్చీలో తనే కూర్చుంది. నోరెత్తకూడదన్న కుర్చీ కాలు మీద కాలు వేసుకుని, బొంగురు గొంతుతో నోరెత్తింది.

"చెవులోడా? ఏమోనర్రా. బద్ధకమేసి వెయ్యలేదు. సగంలో వదిలేశాను. నేనెప్పుడూ అంతే, ఏ బొమ్మా పూర్తిగా వెయ్యను. ఒక గాడిద తక్కువైతే ఏం కొంప మునిగింది?"

పిల్లలు గొల్లుమన్నారు. వరస చివర పెద్దావిడ మొహం పాలిపోయింది. అది చూసి నటికి ప్రాణం చివుక్కుమంది. అయ్యో, ఎంత పని చేశాను, ఉన్న గాయం చాలదని నేనొకదాన్ని కారం చల్లాను...

"అబద్ధం!"

కథలమ్మమ్మ లేచి నిలబడింది. కర్ర జారి కింద పడింది. తీసుకోలేదు.

"నోటికొచ్చినట్టు వాగకు! మా అక్క ఏనాడూ ఒక్క బొమ్మ సగంలో వదల్లేదు. చీమని వేసినా ఆరు కాళ్ళూ వేసేది, తెలుసా నీకు? బద్ధకమట! జ్వరంలో కూర్చుని వేసింది నా పుస్తకాలకి. దండెం మీద ఆరేసుకుంటే లాక్కుపోయింది నేను. చూసుకోనిది నేను. పుస్తకం అచ్చయి వచ్చాక ఎవరింటి పిల్లో అడిగింది, చెవులోడేడీ అని. అప్పటిదాకా నా పుస్తకం నేనే తిప్పి చూడలేదు!"

తన మాటలు తనకే వినపడ్డట్టు ఆవిడ చుట్టూ చూసింది. అప్పుడు, మధ్యలో ఉన్న పిల్లల తలల మీదుగా, ఆ చివరకి చూసింది.

"ఇంతకాలం పట్టిందా ఈ ముక్క చెప్పడానికి?" అంది అక్క, కూర్చున్నచోట్నుంచే.

"నువ్వు అడిగావా?"

"అడిగి చెప్పించుకునే మాటటే అది?"

"సిగ్గేసిందే. మొదటిసారి సిగ్గేసి అలా అన్నాను. తర్వాత అందరూ బాగుందన్నారు. ఇంకెలా వెనక్కి తీసుకోను?" ఆవిడ వెంటనే కయ్యానికి దిగింది. "అయినా నీ తప్పు లేదా? గోధుమరంగు ముందే కొని పెట్టుకోవద్దూ?"

"ఓహో! ఇప్పుడు నా మీదకి తోసెయ్!"

పిల్లల తలలన్నీ ఇటూ అటూ, ఇటూ అటూ తిరుగుతున్నాయి. నటి కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుంది. పోస్టర్ మీద ఒక్కరే నటించే నాటకం అని వేశారే!

ఇందాకటి చిన్నపిల్ల వదల్లేదు. సీటు దిగొచ్చి పెద్దావిడ మోకాలు తట్టింది. "మరి ఇప్పుడు వేస్తావా చెవులోణ్ణి?"

"రంగు లేదు కదమ్మా," అంది ఆవిడ.

"వీధి చివర కొట్టు తీసే ఉంటుంది," అంది కథలమ్మమ్మ. సంచీ భుజాన తగిలించుకుంది, కుడి భుజానికే. "ఉండు, నేను తెస్తాను."

"నువ్వా? గోధుమకీ ఇటుకకీ తేడా తెలుసుటే నీకు? తప్పుడు రంగు తెచ్చి నా గాడిదని పాడుచేస్తావు. ఉండు, నేనూ వస్తున్నా."

ఆవిడ లేచి వచ్చి, కింద పడ్డ కర్ర తీసి చెల్లెలి చేతికిచ్చింది. ఇద్దరూ సీట్ల మధ్య దారిలో నెమ్మదిగా, మెట్టు మెట్టుకీ ఆగుతూ, ఆగిన చోటల్లా దెబ్బలాడుకుంటూ నడిచారు. లైటు ఎటు తిప్పాలో తెలియక తమ్ముడు వాళ్ళ మీదే వేశాడు, తలుపు దాకా వెంట పంపాడు. తలుపు మూసుకుంది. అవతల ఇంకా సణుగుళ్ళు వినిపిస్తున్నాయి.

నటి వేదిక మీద ఒంటరిగా మిగిలింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, అన్నిటికంటే ముందు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ దయచేసి వెళ్ళండి తల్లీ అని మొక్కుకుంటే కదలని మనిషి, సరిగ్గా నాటకం మధ్యలో, తన జీవితం ఇంకా సగం మిగిలుండగా లేచి రంగు కొనుక్కోవడానికి వెళ్ళిపోయింది! చూడాల్సినవాళ్ళు వెళ్ళిపోయాక మిగతా సగం ఎవరికి చెయ్యాలి?

పైన లైట్ల దగ్గర్నుంచి తమ్ముడి గొంతు రహస్యంగా, హాలంతా వినిపించేలా వచ్చింది. "అక్కా. ఆ సైకిలు... నేనే."

"తెలుసురా వెధవా," అంది నటి.

పిల్లలు విరగబడి నవ్వారు. ముందు వరసలో రెండు చివర్లా రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ చిన్నపిల్ల ఇంకా దారి మధ్యలో నిలబడి, వెనక తెర మీద గుమ్మం వైపు, హాలు తలుపు వైపు మార్చి మార్చి చూస్తోంది.

"చెవులోడేడీ?" అని అడిగింది.

నటి శాలువా తీసి కుర్చీ చేతి మీద వేసింది. వేదిక అంచున, కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంది.

"వస్తున్నాడమ్మా," అంది. "రంగు తేవడానికి వెళ్ళారు."